ఎనకొచ్చే పిల్ల కోసం

దిల్‌సుఖ్‌నగర్ల ఆ డిగ్రీ కాలేజీకి నాలుగంతస్తులున్నయి గని ఆటస్థలం లేదు. కింద చెప్పుల దుకాణం, కళ్లజోళ్ల దుకాణం, వాటి మీద కాలేజీ. అసువంటి కాలేజీల ఆనంద్ కుమార్ పరుగుల సారు. కాగితాల మీద ఫిజికల్ డైరెక్టర్ అని ఉండేది, పిల్లలు పీడీ సార్ అనేటోళ్లు. పెండ్లయిన కొత్తల ఆయన భార్య హెప్సిబా కాలేజీ చూసొస్తనని పోయి, మెట్లెక్కి దిగి, "ఏందయ్యా, పిల్లల్ని యాడ ఉరికిస్తవ్? మెట్ల మీదనా?" అని అడిగింది.

"ఇంత పెద్ద రోడ్డుండంగ మెట్లెందుకే?" అన్నడు ఆయన.

అన్నట్టే చేసిండు. ముప్పై ఏండ్లు రోడ్డు మీదనే ఉరికించిండు. తెల్లారంగనే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు కాడ ఆడపిల్లల్ని జమ చేసి, కొత్తపేట మీదుగ ఎల్బీనగర్ చౌరస్తా దాకా. తను స్కూటర్ మీద, కుక్కలను అదిలియ్యనీకి చేతుల ఒక కట్టె. అప్పట్ల కొత్తపేటల పండ్ల మార్కెట్ ఉండె. ఎండకాలం లారీల మీదికెళ్లి మామిడిపండ్ల వాసన కొడితే పిల్లల కాళ్లు వాటంతట అవే నిమ్మళమయ్యేటివి. "వాసన పీల్చుకుంటనే ఉరుకుండ్రి, పైసలియ్యాల్సిన పని లేదు" అని ఎనకకెళ్లి కేకేసేటోడు. ఎల్బీనగర్ల విజయవాడ బస్సులు దిగినోళ్లు సంచులు పట్టుకొని నిలవడి, "ఏమైందమ్మా, ఎవరు తరుముతున్నారు?" అని పరేషాన్ అయ్యేటోళ్లు. "మా సారే!" అని నవ్వుకుంట పోయేటోళ్లు పిల్లలు. తర్వాత మార్కెట్ పోయింది, మెట్రో స్తంభాలు లేచినయి. ఆనంద్ కుమార్ దానికి సుత బాధపడలే. "మంచిదే అయింది, ఇగ స్తంభం నుంచి స్తంభం దాకా అని చెప్పొచ్చు" అన్నడు.

ఆయనది ఇబ్రహీంపట్నం అవతల పల్లె. తండ్రి కొమరయ్య చర్చిల గంట కొట్టేటోడు. గంట మోగంగ పొలంకెళ్లి చర్చి దాకా ఉరికి ఉరికి పరుగు నేర్సుకున్నడు కొడుకు. కాలేజీల కొలువైతే దొరికింది గని, ప్రైవేటు కాలేజీల ఆటల సారంటే అందరి పనికి అక్కరకొచ్చే మనిషి. పరీక్షలప్పుడు కాపలా, వార్షికోత్సవానికి కుర్చీలు లెక్క పెట్టుడు, ఫీజుల లైను ఒత్తిడైతే నిలవడి సర్దుడు. అన్ని చేసిండు. పొద్దుగాల పరుగు మాత్రం ఎవ్వరి కోసం ఆపలే. వానల, జ్వరంల, బిడ్డ లగ్గం నాడు సుత ఒక్క సుట్టు ఉరికించి వచ్చి పెండ్లికి తయారయిండు.

ఆయన పిల్లలు ఉరికేది క్రాస్ కంట్రీ. గ్రౌండ్ల తెల్ల గీతల నడుమ ఉరుకుడు కాదది. మట్టి, రాళ్లు, ఎక్కుడు, దిగుడు. జట్టుల ఆరుగురు దాకా ఉరకొచ్చు, మొదలొచ్చిన నలుగురిదే లెక్క. నలుగురు పూర్తి చెయ్యలేదంటే జట్టే లేదు. అందుకే ఆనంద్ కుమార్ అనేటోడు: "ముందుండే పిల్లకు నాతోటి పని లేదు, దాని కాళ్లు దానికున్నయి. నాకు నాలుగోది కావాలె." పందెంల అందరు సార్లు రిబ్బను కాడ జమైతే, ఈయన పోయి దారిల అన్నిటికన్న కష్టమైన మూల చూసుకొని నిలవడేటోడు. ఊపిరాడక, ఇంటికి పోదామనిపించి, పిల్లలు ఆగిపోయే మూల. అక్కడ ఫొటోలు తీసేటోళ్లుండరు, చప్పట్లుండయి. ఈయన ఒక్కడే.

"అక్కడ నిలవడి ఏం అరుస్తవయ్యా?" అని హెప్సిబా ఎన్నోసార్లు అడిగింది.

"నోటికేదొస్తే అది."

"నన్ను సుత తీసుకపో ఒకసారి."

"నువ్వొస్తే నాకు గాబరయితది. గుగ్గిళ్లు ఎవరు చేస్తరు మరి?"

గుగ్గిళ్లు ఆమె పని. వాళ్లు కిరాయికుండే ఇల్లు ఎల్బీనగర్ల ఒక గల్లీ చివర. పొద్దటి పరుగు ఆ గేటు కాడనే అయిపోయేది. నానవోసిన శనగలు ఉడకవెట్టి, ఉల్లిగడ్డ, మిరపకాయ వేసి తాలింపు పెట్టి, పెద్ద గిన్నె తెచ్చి గద్దె మీద పెట్టేది హెప్సిబా. సారు చెప్పిన కట్టడి ఒక్కటే: అందరికన్న ఎనకొచ్చే పిల్ల గేటు దాటేదాక ఒక్కరు గూడ గిన్నెల చెయ్యి పెట్టొద్దు, నీళ్ల సుక్క ముట్టొద్దు. ముందొచ్చినోళ్లు ఆకలికి తాళలేక, "ఆంటీ, జర పిలువున్రి దాన్ని" అని బతిమిలాడితే, హెప్సిబా గేటు పట్టుకొని గల్లీ మొత్తం లేచేటట్టు అరిచేది: "ఓ పిల్లా! గుగ్గిళ్లు చల్లారుతున్నయే! దా!"

ఆ కట్టడి తోటి మొదటి ఏడు ఒక తమాషా అయింది. అమల అనే పిల్ల ఉండె, గాలి లెక్క ఉరికేది. యూనివర్సిటీ పందెంల అందరికన్న ముందొచ్చి, రిబ్బనుకు నాలుగడుగుల ఇవతల ఆగిపోయింది. చేతులు కట్టుకొని ఎనకకు చూసుకుంట నిలవడ్డది. పక్క కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే దాటి పోతున్నరు. రిబ్బను కాడున్నోళ్లు "దాటమ్మా, దాటు!" అని మొత్తుకుంటున్నరు.

"మావోళ్లింక రాలే సార్" అన్నదట అమల.

ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పుకుంట ఆనంద్ కుమార్ మంచం మీద పడి పడి నవ్విండు. ప్రిన్సిపాల్ తిట్టిన సంగతి సుత నవ్వుకుంటనే చెప్పిండు. తెల్లారి పిల్లల్ని కూసోవెట్టి, "తప్పు నాది. పందెంల ముందు దాటుండ్రి, దాటినంక ఆగుండ్రి" అని కట్టడి సవరించిండు. అమల ఇప్పుడు సర్కారు బడిల ఆటల టీచరు. దాని పిల్లలు సుత దాటినంక ఆగుతరట.

ఆయన చేతుల మీదికెళ్లి పెద్ద కప్పులేం రాలే. వచ్చిన రెండు మూడు ప్రిన్సిపాల్ అల్మారాల ఉన్నయి. గని ఏ ఒక్క ఏడు ఆయన జట్టు నలుగురికి తక్కువ పడలే. అది ఆయన పట్టు. కాలేజీకి పిల్లలు దొరకని ఏడు తల్లులను ఒప్పించి తెచ్చిండు. నిక్కరేసుకొని రోడ్డు మీద ఉరుకుడా అని తల్లులంటే, హెప్సిబా మోకాళ్ల కిందికి దిగే ప్యాంట్లు కుట్టిచ్చింది.

ఈ ఏడు జట్టుల ఆరుగురుండె. ఒకరికి లగ్గమైంది, ఒకరి కాలు మడిమ కాడ చిట్లింది. మిగిలింది నలుగురు. ముందుండేది శ్రీకళ. ఎనకుండేది స్వప్న, చంపాపేట్ పిల్ల.

ఆదివారాలు సారు వాళ్లను నాదర్‌గుల్ దిక్కు మట్టి బాటల మీదికి తీసుకపోయేటోడు. అక్కడ విమానాలు నేర్పే మైదానముంది. చిన్న విమానం నెత్తి మీదికెళ్లి పోతుంటే దాని నీడ వెంట ఉరుకుమనేటోడు. ఆ ఆదివారం ముగ్గురు వచ్చి చింతచెట్టు కాడ ఆగిండ్రు. స్వప్న ఇంక రాలే. "నేను చూసొస్త, నీళ్లు ముట్టొద్దు" అని స్కూటర్ ఎనకకు తిప్పిండు సారు. బాట మలుపుల స్వప్నకు కనబడేసరికి, స్కూటర్ ఆపి, దానికి ఆనుకొని కూసోని ఉన్నడు. చెయ్యి ఛాతి మీదుంది. స్వప్న ముగ్గురి కాడికి ఉరికింది, ఎన్నడు ఉరకనంత ఉరికింది. దవాఖానకు పోయేసరికే అయిపోయిందన్నడు డాక్టరు.

పల్లెల తండ్రి కొమరయ్య సమాధి పక్కకే మట్టి చేసిండ్రు. చర్చోళ్ల ఆదరణ కూడిక అయింది, బిడ్డ, సుట్టాలు ఎవరిండ్లకు వాళ్లు పోయిండ్రు. స్కూటర్ గేటు లోపట నిలవడ్డది, చక్రాలకు నాదర్‌గుల్ మట్టి అట్లనే ఉంది. హెప్సిబా దాన్ని తుడవలే.

వారం దాటినంక ఒకనాడు పొద్దుగాల గేటు చప్పుడైంది. శ్రీకళ, ఇంక ఇద్దరు. చెమటలు కారుతున్నయి. ఎవ్వరు చెప్పకుంటనే ఉరికొచ్చిండ్రు. కాళ్లు ఆ గేటు కాడనే ఆగినయి. హెప్సిబా దగ్గర ఆ పొద్దు ఏం లేదు, నీళ్లిచ్చింది. వాళ్లు తాగలే. "స్వప్న రాలే ఆంటీ" అన్నది శ్రీకళ. అంతే, పోయిండ్రు.

ఆ సాయంత్రం హెప్సిబా శనగలు నానవోసింది. తెల్లారి గిన్నె గద్దె మీద పెట్టింది. ముగ్గురు వచ్చిండ్రు, గిన్నె సుట్టు నిలవడ్డరు, చూసి పోయిండ్రు. ఆ తర్వాత రోజు సుత గంతే. గిన్నె గిన్నంత పక్కింటోళ్ల మేకలకు పెట్టింది.

కాలేజీకెళ్లి ఫోన్ చేసి పిలిపిస్తే పోయింది. ప్రిన్సిపాల్ విశ్వేశ్వరరావు గుంటూరు దిక్కాయన, మెత్తని మనిషి. లేచి కుర్చీ వేసిండు.

"పందెం దగ్గరకొచ్చిందమ్మా. ముగ్గురితో జట్టు ఎలా అవుతుంది చెప్పండి? ఈ ఏడాదికి పేరు వెనక్కి తీసుకుందామనుకుంటున్నాం. ఆయన మీద గౌరవంతోనే."

హెప్సిబాకు పెద్దోళ్ల ముందట మాట పెగలదు. కొంగు ఏలికి సుట్టుకుంట కూసుంది. అల్మారాల ఉన్న కప్పుల దిక్కు చూసింది. ఆఖరికి అన్నది: "ఆయన జట్టు ఎన్నడు తక్కువ పడలే సార్. పోయినంక తక్కువ పడితే అదేం గౌరవం?"

"నాలుగో అమ్మాయి రానంటోందిగా మరి."

"నేను తెస్త."

"మీరా?" ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "సరే అమ్మా. శుక్రవారం దాకా పేరు ఉంచుతాను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

బేస్తవారం నాడు గుగ్గిళ్లు స్టీలు డబ్బల పోసుకొని చంపాపేట్ పోయింది హెప్సిబా. స్వప్న తల్లి పూలమ్మ చీరలకు ఫాల్స్ కుట్టుకుంట గడపల కూసుంది. ఈమెను చూడంగనే మిషను ఆపింది.

"ఏం చెప్పాలె అక్కా, కాలేజీకి పోదు, తినదు. బూట్లు మంచం కిందికి తోసింది. నువ్వొచ్చినవంటే ఇంక ముడుసుకుంటది."

"ముడుసుకోనీ" అని హెప్సిబా లోపటికి పోయింది.

స్వప్న గోడ దిక్కు తిరిగి పండుకుంది. హెప్సిబా మంచం అంచున కూసుంది. బయట మిషను మళ్ల చప్పుడు చేసింది.

"నా కోసమే ఎనకకొచ్చిండు ఆంటీ" అన్నది ఆఖరికి, గోడకే చెప్పినట్టు. "నేను తొందరగ ఉరికుంటే ఆయన చెట్టు కాడనే ఉంటుండె. అందరుండేటోళ్లు."

ఆ మాట హెప్సిబా సుత ఒక్కతే ఉన్నప్పుడు అనుకుంది. కాదని అబద్ధం చెప్ప బుద్ధి కాలే.

"అవును, నీ కోసమే వచ్చిండు. నువ్వు కాకపోతే ఇంకొకదాని కోసం వస్తుండె. ముప్పై ఏండ్లు రోజు ఎవరో ఒకరి కోసం ఎనకకు పోయిండు. అది ఆయన కొలువు. నువ్వు మీద వేసుకుంటె ఎట్ల? నీకన్న ముందు ఎంతమంది ఎనకవడ్డరో నేను చూడలేదా, గేటు కాడ నిలవడి?"

స్వప్న భుజాలు కదిలినయి.

"ఇగ నా సంగతి విను. రోజు గిన్నె నిండ చేస్తున్న. ఆ ముగ్గురు రోజు ఉరికొస్తరు, నువ్వు రాలేదని ముట్టకుంట పోతరు. పక్కింటి మేకలు చూడు, మా గుగ్గిళ్లు తిని ఎట్ల బలిసినయో. సారు ఉసురు గాదు, ఆ ముగ్గురి ఉసురు తగుల్తది నీకు."

గోడ దిక్కుకెళ్లి ఏడుపు వచ్చింది, దాంట్లనే నవ్వు సుత వచ్చింది. హెప్సిబా డబ్బ మంచం మీద పెట్టింది. స్వప్న చూసింది గని మూత తియ్యలే.

"ఇక్కడ తినను" అన్నది. "అందరున్న కాడ తింట."

హెప్సిబా వంగి మంచం కిందికెళ్లి బూట్లు గుంజింది.

పందెం యూనివర్సిటీ అవతల రాళ్ల బాటల మీద. మూడు సుట్లు. షామియానా కింద హెప్సిబాకు ముందు వరసల కుర్చీ వేసిండ్రు, ఆనంద్ కుమార్ ఫొటోకు దండేసి పక్కన పెట్టిండ్రు. ఆమె కూసోలే. శ్రీకళను పక్కకు పిలిసి అడిగింది: "సారు యాడ నిలవడుతుండె?"

"గా తుమ్మచెట్ల కాడ ఆంటీ. ఎక్కుడు అయిపోయే మూల. ఈడికి కనబడదు."

డబ్బ చంకల పెట్టుకొని, రాళ్ల మీద చెప్పులు జారుకుంట, అక్కడికి పోయి నిలవడ్డది. పిస్తోలు చప్పుడు ఇనబడ్డది. మొదటి సుట్టుల నలుగురు పోయిండ్రు. రెండో సుట్టుల శ్రీకళ ముందట, మిగిలిన ఇద్దరు నడుమ, స్వప్న బాగ ఎనక. మూడో సుట్టుకు ముగ్గురు దాటిపోయినంక బాట ఖాళీ అయింది. వేరే కాలేజీ పిల్ల ఒకతి ఆ మూలకొచ్చి నడుం పట్టుకొని కూలవడ్డది, వాళ్లోళ్లొచ్చి తీసుకపోయిండ్రు. హెప్సిబా బాట దిక్కు నాలుగడుగులేసి, మళ్ల ఎనకకొచ్చింది. గాబరయితదని ఆయన ఎందుకన్నడో అప్పుడు తెలిసింది.

స్వప్న వచ్చింది. ఉరుకుడు నడుసుడైంది. సారు నిలవడే చోటు దిక్కు చూసి, అక్కడ సారు లేకపోయేసరికి నడుసుడు సుత ఆగిపోయింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగింది. హెప్సిబా నోరు తెరిసింది. పందెంల ఏమని అరుస్తరో ఆమెకు తెల్వదు. ఆయన ఎన్నడు చెప్పలే. ఆమెకు వచ్చింది ఒక్కటే.

"ఓ పిల్లా!" ఆ రాళ్లన్ని మోగేటట్టు అరిచింది. "గుగ్గిళ్లు చల్లారుతున్నయే! దా!"

స్వప్న తలెత్తింది. ముఖమంత కన్నీళ్లు, చెమట. అడుగేసింది, ఇంకొకటేసింది, కాళ్లు అందుకున్నయి. స్వప్న హెప్సిబా ముంగటికెళ్లే ఉరికి దిగుడుల మాయమైంది.

ఆ మూలకెళ్లి రిబ్బను కనబడదు. బాట మీద ఇంకెవ్వరు లేరని చూసుకొని, ఆయన చేసేటట్టే, హెప్సిబా అందరికన్న ఎనక నడుసుకుంట పోయింది. పోయేసరికి మైకుల కాలేజీల పేర్లు చదువుతున్నరు. వాళ్లది మధ్యల యాడనో వచ్చింది. కప్పు లేదు, ఏం లేదు. జట్టు పూర్తి అని చదివిండ్రు. విశ్వేశ్వరరావు సారు షామియానా కింద నిలవడి చేతులెత్తి దండం పెట్టిండు.

రిబ్బనుకు అవతల నలుగురు పిల్లలు మట్టిల కూసోని ఉన్నరు. నీళ్ల సీసాలు చేతులల్లనే ఉన్నయి, ఒక్కదాని మూత తియ్యలే.

"ఏందే, స్వప్న వచ్చింది గదా, తాగుండ్రి" అన్నది హెప్సిబా.

"మీరు రాలే గదా ఆంటీ" అన్నది శ్రీకళ. "ఈ పొద్దు ఎనకోళ్లు మీరే."

హెప్సిబా వాళ్ల నడుమ కూసుంది. డబ్బ మూత తీసింది. గుగ్గిళ్లు నిజంగనే చల్లారి ఉన్నయి. మొదలు స్వప్న చెయ్యి పెట్టింది.

"రేపు పొద్దుగాల ఎన్నింటికి?" అని అడిగింది, నోట్ల శనగలు పెట్టుకొని.

"రోజొచ్చే యాళ్లకే" అన్నది హెప్సిబా.