మా ఆయన మీద నేను ప్రకటించిన యుద్ధం

గెలిచిన యుద్ధాన్ని చేజేతులా పోగొట్టుకున్న రాజుల గురించి మీరు వినే ఉంటారు. గెలిచిన యుద్ధాన్ని వంగి మరీ పోగొట్టుకున్నదాన్ని మాత్రం నన్నొక్కదాన్నే చూస్తారు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కాస్త మంచినీళ్ళు తాగి చెబుతాను, ఉండండి.

అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. రాజమండ్రి దానవాయిపేటలో ఒకే ఇంట్లో రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో కాలేజీలో చరిత్ర చెప్పే మూర్తిగారు, ఆయన భార్య ప్రభావతి. మా ఆయన కరెంటాఫీసులో గుమస్తా. టీవీలు లేని రోజులు, ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ ఏమీ తోచేది కాదు. తోచనివాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు కదా! మూర్తిగారు నిద్రపోలేదు. పెద్ద అట్ట మీద పాతకాలపు తెలుగుదేశం పటం గీసి, యుద్ధాల ఆట ఒకటి తయారుచేశారు.

నలుగురు రాజులు. మా ఆయనది రాజమహేంద్రవరం, ప్రభావతిది కటకం, మూర్తిగారిది రాచకొండ, నాది కొండవీడు. చింతపిక్కలు సైన్యం, మట్టి బొమ్మలు ఏనుగులు. గవ్వలు వేసి కదపాలి. ఇద్దరిద్దరు పొత్తు పెట్టుకోవచ్చు కానీ మొగుడూ పెళ్ళాం పెట్టుకోకూడదు. "దాన్ని యుద్ధం అనరండీ, కాపురం అంటారు" అనేవారు మూర్తిగారు. అందుకని మా ఆయనా ప్రభావతీ ఒక జట్టు, నేనూ మూర్తిగారూ ఇంకో జట్టు. ఓడిన జట్టు గెలిచిన జట్టుకి గారెలు వండి పెట్టాలి.

ఇంకో రెండు నియమాలున్నాయి. కాస్త చెవి ఇటు పడెయ్యండి, నా కొంప ముంచినవి అవే. రాజన్నవాడు దొంగదెబ్బ తియ్యకూడదు. ఎదుటివాళ్ళని పేరు పెట్టి పిలిచి, "నీ మీద యుద్ధం" అని పైకి అన్నాకే దండు కదపాలి. ఇక ఎవరైనా ఎవరి కాళ్ళయినా ముట్టుకుంటే పాదాక్రాంతమైనట్టే లెక్క, ముట్టుకున్నవాళ్ళ రాజ్యం సామంత రాజ్యమైపోతుంది.

మొదటి నియమం దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. మా ఆయన పేరు నేనెలా అంటాను? భర్త పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ పాలతో పాటు పోసి పెంచింది. అందులోనూ అది అన్నవరం దేవుడి పేరు. అందుకని నేను ఆ దేవుణ్ణి కూడా "అన్నవరం స్వామీ" అని ఊరి పేరుతోనే మొక్కేదాన్ని. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు కథ పంతులుగారే చదువుతారు కాబట్టి బతికిపోయాను.

ఈ సంగతి మా ఆయనకు తెలుసు. తెలిసి ఏం చేశారనుకున్నారు? కొండవీటి సరిహద్దులో ఒక్క చింతపిక్క కూడా కాపలా పెట్టలేదు.

"అటువైపు ఎవరూ అక్కర్లేదాండీ?" అని ప్రభావతి అడిగింది.

"ఎందుకండీ? మా కామేశ్వరి నా పేరు పెట్టి యుద్ధం ప్రకటిస్తుందా ఏంటి?" అని నవ్వి, ఆ సైన్యమంతా కటకానికి సాయం పంపేశారు. అంటే నేను పతివ్రతగా నోరు మూసుకున్నందుకు లాభం ప్రభావతికన్నమాట!

ఆవిడ విశాఖపట్నంలో చదువుకుంది. మొగుణ్ణి "మూర్తీ, ఆ కిటికీ వెయ్యి" అని రిక్షాని పిలిచినట్టు పిలిచేది. వాళ్ళ కాపురం వాళ్ళది, నాకెందుకు? కానీ మా ఆయన్ని కూడా వదిలేది కాదు. "సత్యనారాయణగారూ, మీ దండు ఇటు పంపండి. సత్యనారాయణగారూ, మీ చెయ్యి మంచిదండీ, మీరే వెయ్యండి." కట్టుకున్నదాన్ని నేను అనలేని పేరుని ఆవిడ వక్కపొడిలా నోట్లో వేసుకుని నములుతోంది! నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. అసూయ అంటారా? అసూయే, దాచుకోవడం దేనికి?

మా ఆయన మాత్రం తక్కువ తిన్నారా? "ఏనుగుల్ని ఎంత చక్కగా నడిపించారండీ!" అని మెచ్చుకునేవారు. రెండేళ్ళుగా నా పప్పుచారుకి రాని మెచ్చుకోలు ఆ మట్టి ఏనుగులకి వచ్చింది.

ఇలా ప్రతి ఆదివారం మేమే ఓడిపోయాం. మా మూర్తిగారు గవ్వలు వెయ్యడం మర్చిపోయి శాసనాల గురించి చెబుతూ కూర్చునేవారు. పోనీ వంటలో సాయం చేస్తారా అంటే, ఆయనకి పొయ్యి ఎటువైపుంటుందో కూడా తెలీదు. రుబ్బురోలు ముందు నేను, గారెల పళ్ళెం ముందు మా ఆయనా ప్రభావతీ. "వదినగారూ, ఇంకాస్త అల్లప్పచ్చడండీ" అని ఆవిడ అడగడం, "వెయ్యి కామేశ్వరీ, వెయ్యి" అని ఈయన వంత పాడడం! గారెలకి చిల్లులు నేను పెడుతున్నానో, నా గుండెకి వాళ్ళు పెడుతున్నారో తెలిసేది కాదు.

ఆ ఆదివారం మొగల్తూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. వీధి అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. లోపల ప్రభావతి ఏనుగులు రాచకొండ గుమ్మంలోకి వచ్చేశాయి. ఆ కోట పడితే మళ్ళీ గారెలు నావే.

"అమ్మా, రాజమహేంద్రవరం ఖాళీగా ఉంది. ఒక్క మాటంటే కోట మనది" అన్నారు మూర్తిగారు.

"ఏ మాటండీ?"

"పేరు."

"చచ్చినా అనను. 'మా ఇంటాయనా, నీ మీద యుద్ధం' అంటే సరిపోదాండీ?"

"ఇంటాయన అనే రాజు చరిత్రలో లేడమ్మా."

"వదినగారికి సిగ్గండీ, సత్యనారాయణగారూ!" అని ప్రభావతి పకపకా నవ్వింది. నవ్వి, అదృష్టం కలిసి రావాలంటూ మా ఆయన గుప్పిట్లో ఉన్న గవ్వల మీద ఉఫ్ అని ఊదింది.

ఊదింది! ఆయన చేతి మీద! నా ఎదురుగా!

"సత్యనారాయణా! నీ మీద యుద్ధం!"

ఏకవచనంతో సహా బయటికొచ్చేసింది. వీధిలో ఎవరో "ఎవరండీ పిలిచింది?" అన్నారు. గోదావరి జిల్లాల్లో వీధికి నలుగురైనా ఉంటారు కదా ఆ పేరుతో. మా ఆయనైతే "ఆఁ, వస్తున్నానమ్మా!" అంటూ లేచి నిలబడ్డారు. ఆయన్ని అంత గట్టిగా పిలిచే మనిషి లోకంలో వాళ్ళమ్మ ఒక్కరే.

మూర్తిగారు నా పిక్కలన్నీ కోటలోకి తోసేసి, "పడింది! రాజమహేంద్రవరం పడిపోయింది!" అని గంతేశారు. ప్రభావతి మొహం వాడిన తమలపాకైంది. ఆ మొహం తనివితీరా చూద్దామని నేనింకా సర్దుకుని కూర్చోనైనా లేదు, గుమ్మంలో అత్తయ్యగారు!

"ఎవరే అది, మా అబ్బాయిని పేరు పెట్టి అరిచింది?"

అంటూ ముందు ప్రభావతి వంకే చూశారు. ఆవిడ వేలితో నా వైపు చూపించింది. అత్తయ్యగారి చేతిలోని చింతపండు కింద పడింది.

అమ్మమ్మ చెప్పిన ఆయుష్షు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లెంపలు వేసుకుంటూ, "తప్పయిపోయింది అన్నవరం స్వామీ, ఆయన్ని చల్లగా చూడు" అని గబుక్కున వంగి, మా ఆయన పాదాలు రెండూ ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

"పాదాక్రాంతం!" అని చప్పట్లు కొట్టింది ప్రభావతి. "సత్యనారాయణగారూ, కొండవీడు మీకు సామంత రాజ్యమైపోయిందండీ!"

"ఇది ఆట కాదండీ, ఆయుష్షు కోసం పెట్టిన దణ్ణం!" అని లబలబలాడాను.

"చరిత్రలో కారణాలెవరూ అడగరమ్మా" అన్నారు మూర్తిగారు నీరసంగా, నా పిక్కల్ని కోటలోంచి వెనక్కి తీసేస్తూ.

"మీ పిక్కల గొడవ నాకు తెలీదు. దణ్ణం పెట్టింది, అది చాలు" అన్నారు అత్తయ్యగారు. "గారెలకి పప్పు నానబోశావుటే?"

నానబోసే ఉంది. అదీ నా ధైర్యం.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపంటారు. నాకు రాజ్యం పోయినందుకు కాదు, ప్రభావతి నవ్వినందుకు ఏడుపొచ్చింది. వంటింట్లో ముక్కు చీదుకుంటూ గారెలు వేస్తుంటే మా ఆయన మెల్లగా లోపలికొచ్చారు.

"కామేశ్వరీ, ఇంకోసారి పిలవ్వూ?"

"ఏంటండీ?"

"అదే, పేరు. ఆవిడ ఎన్నిసార్లు పిలిచినా అలా లేదు."

చిల్లుల గరిటె చూపించి బయటికి పంపించాను. ఆ పూట గారెలు మాడాయంటే తప్పు నాది కాదు.

ఆ పొయ్యి సాక్షిగానే ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక మా ఆయన మీద పేరు పెట్టి యుద్ధం ప్రకటించను, ప్రకటించను, ప్రకటించను. ఆ మాట మీద ఇవాళ్టికీ నిలబడి ఉన్నాను. ఆ తరవాత మా ఇంట్లో జరిగిన యుద్ధాలన్నీ ప్రకటించకుండానే జరిగాయి. కోట ప్రతిసారీ నాదే.