అతిథి ఉమ్మేసిన వైను

చైనా తీరాన పెంగ్లాయ్ దగ్గర మా ఊళ్ళో అతిథి గ్లాసు అడుగున చుక్క మిగిల్చినా ఇంటివాళ్ళు మొహం మాడ్చుకుంటారు. అలాంటిది, కొనేముందు రుచి చూడటానికి షాంఘై నుంచి వచ్చిన పెద్దమనిషి, మా యూషియా వదిన పండించిన ద్రాక్షతో చేసిన వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న గిన్నెలో తుపుక్కున ఉమ్మేశాడు. వదిన వాకిట్లో ముప్పై మందిమి ఉన్నాం. అందరం ఆ గిన్నెకేసే చూశాం.

మా అన్నయ్య పోయాక వదిన ముప్పై ఏళ్ళు కొండవాలులోని ఆపిల్ తోట మీదే బతికింది. ప్రతి పిందెకీ కాగితం సంచి తొడిగేది. కోతకు ముందు విప్పి, రంగు రావడానికి ఎండ తగలనిచ్చేది. సముద్రపు గాలికి వేళ్ళు పగిలి నెత్తురు కారినా, "కాయ నిగనిగలాడుతోందయ్యా, అది చాలు" అనేది. నాలుగేళ్ళ కిందట వైను కంపెనీ వచ్చింది. తోట కొట్టేసి ద్రాక్ష పెట్టమని ఆమె వెంటపడింది నేనే, నా నోరు పడిపోనూ! చెట్లు నరికిన రోజు వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత ద్రాక్షనీ అంత ప్రాణంగానే సాకింది. వైను మాత్రం నాలుక్కి తగిలించుకోలేదు. పెద్దమనిషి మెచ్చాకే తాగుతానంది. ఆయన బాగుందంటే, చెట్లు కొట్టించినందుకు మనసు కుదుటపడుతుందని ఆమె ఆశ.

ఆయన ఉమ్మేసరికి వదిన, మా ఊరి మర్యాద ప్రకారం, చేప తల ఆయన వైపు తిప్పి పళ్ళెం పెడుతోంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా, విషం పోశామా నీకు?"

కంపెనీ మేనేజరు మూ గబగబా లేచాడు. "అబ్బే, అది కాదు పిన్నీ! రుచి చూసేవాళ్ళు మత్తెక్కకుండా అలాగే ఉమ్ముతారు."

"చంటిపిల్లలు ఉమ్ముతారు నాయనా. మా ఇంట్లో పెద్దవాళ్ళు మింగుతారు."

సీసా లాక్కుని తన అన్నం గిన్నె నిండా వంపుకుని గటగటా తాగింది. సగంలో ఆగింది. వగరు పిందె కొరికినట్టు మొహమంతా ముడుచుకుపోయింది. ఉమ్మడానికి లేదు, ఊరంతా చూస్తోంది. కళ్ళు మూసుకుని మింగేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏం షౌలిన్, ఇదేనా? ఈ వగరు నీళ్ళకా నా చెట్లు కొట్టించావు?"

నేను తల వంచుకుని బల్ల మీది గ్లాసులు సర్దాను.

పెద్దమనిషి కంగారుపడ్డాడు. "చాలా బాగుందమ్మా, ఒట్టు! ఉన్నదంతా మేమే తీసుకుంటాం." గ్లాసు నింపుకుని, ఈసారి మింగి, బోర్లించి చూపించాడు. జనం ఈలలు, చప్పట్లు. మూ అయితే నన్ను కావిలించుకున్నాడు. వదిన మాత్రం విసవిసా లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ అడుగునుంచి ఏళ్ళ తరబడి దాచుకున్న పొట్లం ఒకటి తెచ్చి, అందులోంచి ఎండబెట్టిన ఆపిల్ ముక్క ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదీ ఉమ్ము, చూద్దాం."

ఆయన నమిలాడు. ఇంకాసేపు నమిలి, మింగి, సిగ్గుపడకుండా మళ్ళీ చెయ్యి చాపాడు.

"అబ్బ! ఏ తోటదమ్మా ఇది? ఆ చెట్లు ఒక్కసారి చూపించరూ?"

వదిన కొండవాలు వైపు చెయ్యి చూపించింది. అక్కడ పైనుంచి కిందిదాకా ద్రాక్ష వరసలే ఉన్నాయి. అందరూ అటు చూశారు. నేను చూడలేదు.