కన్ను మూయడానికి ఒక గది

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం, పటమటలో మేము ఏళ్ళ తరబడి అద్దెకుంటున్న ఇంటి గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. అంబులెన్సు రోడ్డు మీదే ఆగింది, ఎండ మండిపోతోంది, స్ట్రెచర్ మీద మా ఆయన, గేటుకు అటువైపు ఇంటి ఓనరు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పండక్కి మాకు అరిసెలు పంపేవాడు, మా ఆయన మంచాన పడ్డాక రోజూ వచ్చి పలకరించేవాడు. కాలేయానికి పట్టిన క్యాన్సరు ముదిరింది, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని డాక్టర్లు చెప్పిన సంగతి ఆయన చెవిన కూడా పడింది. అంతే!

"ఏమనుకోకండి మణి గారూ. అద్దె ఇంట్లో పోకూడదండీ. అందులోనూ చెడు నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. కింద మేముండేది, పిల్లాజెల్లాతో ఎక్కడికి పోతామండీ?"

"మరి మేమెక్కడికి పోతామండీ?" అన్నాను.

"గేటు బయట షామియానా వేయిస్తానండీ. ఖర్చంతా నాదే. కుర్చీలు కూడా తెప్పిస్తాను."

స్ట్రెచర్ మీద నుంచి మా ఆయన కళ్ళు తెరిచి, "ఇంకా పోలేదండీ, కుర్చీలకు తొందరేం లేదు," అన్నాడు.

డ్రైవరు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఓనరు గారు తల దించుకున్నారు గానీ తాళం మాత్రం తియ్యలేదు.

మా ఆయన సుందర్రావు ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసేవాడు. ఆ బళ్ళ వెనక ఆయన గీసిన చిలకలు, తామరపూలు ఎన్ని ఊళ్ళు తిరిగాయో ఆ దేవుడికే తెలుసు. అంబులెన్సు తలుపు మళ్ళీ వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మణీ, బతుకంతా రోడ్డెక్కే బళ్ళకు రంగులేశాను. పోయేటప్పుడు రోడ్డు మీద వద్దే. నాలుగు గోడలుంటే చాలు," అన్నాడు. ఆయన నన్ను కోరిన చివరి కోరిక అదొక్కటే, సహోదరులారా. పెద్ద కోరికేం కాదు కదా! విజయవాడంత ఊళ్ళో నాలుగు గోడలు.

మాకు పిల్లల్లేరు. కంకిపాడులో మా అక్క ఉంది గానీ ఆమెదీ అద్దె ఇల్లే, అక్కడి ఓనరు మాత్రం ఒప్పుకుంటాడా? నేను పత్రికాఫీసు డెస్కులో పని చేసి రిటైరైనదాన్ని, ఇల్లు లేనివాళ్ళకు ఇళ్ళు అని ఎన్ని వార్తలు దిద్దానో, ఎన్ని శీర్షికలు పెట్టానో లెక్కలేదు. ఊళ్ళో నిరాశ్రయుల కోసం వసతి గృహం ఉందని ఆ వార్తల వల్లే గుర్తొచ్చి అంబులెన్సును అక్కడికి పోనిమ్మన్నాను. అక్కడి కాపలా మనిషి లోపలికి తొంగి చూసి, "ఇది మగాళ్ళదమ్మా, ఆడాళ్ళది ఆ పక్క వీధిలో. ఇద్దరూ ఒకచోట కుదరదు. పొద్దున్నే అందరూ బయటికి పోవాలి. మంచం మీదున్న మనిషి ఎట్టా పోతాడు?" అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ చెప్పే మాట ఎలా చెబుతారో అలా చెప్పాడు. ఇల్లు లేనివాళ్ళ కోసం కట్టిన చోట కూడా నడవగలిగినవాళ్ళకే చోటు! ఆ సంగతి ఏ వార్తలోనూ దిద్దినట్టు నాకు గుర్తు లేదు.

తిరిగి తిరిగి ఆసుపత్రికే వచ్చాం. వార్డులో మంచం అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. రోగుల తాలూకు మనుషులు పడుకునే వరండాలో, చెప్పుల స్టాండు పక్కన చాప వేసి ఆయన్ని పడుకోబెట్టాను. ఊడ్చేవాళ్ళు వస్తే చాపతో సహా పక్కకు జరిపేదాన్ని, వాళ్ళు పోయాక మళ్ళీ గోడకు చేర్చేదాన్ని.

ఆదివారం వచ్చింది. పక్క చాప మీది తల్లికి ఆయన్ని అప్పగించి ఆరాధనకు వెళ్ళాను. మన సంఘ పెద్ద ఒకరికి గుణదలలో మూడంతస్తుల ఇల్లుంది, కింది పోర్షను ఖాళీగా ఉంది, గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. శకునాలు, ముహూర్తాలు, నక్షత్రాలు విశ్వాసికి లేవని ఆ రోజే ఆయన వాక్యం చెప్పారు, నేను మనసారా ఆమేన్ అన్నాను! కూటం అయ్యాక వెళ్ళి కొద్ది రోజులకు ఆ పోర్షను ఇవ్వమని అడిగాను.

"నాకేం పట్టింపు లేదు సిస్టర్," అన్నారాయన. "కానీ పై అంతస్తులో ఉన్నవాళ్ళు అన్యులు. ఇంట్లో చావు జరిగిందంటే ఖాళీ చేసి పోతారు. తర్వాత ఇంకెవరూ రారు. ప్రార్థన చేద్దాం. దేవుడు తప్పకుండా ఒక ద్వారం తెరుస్తాడు."

అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా, నీ బిడ్డకు ఒక గృహాన్ని దయచేయుము తండ్రీ, తలుపులు తెరచువాడవు నీవే తండ్రీ, అసాధ్యమైనది నీకు లేదు తండ్రీ! చాలాసేపు చేశారు. చేస్తున్నంతసేపూ కుడిచేయి జేబులో ఉంది, ఆ జేబులో ఇంటి తాళాల గుత్తి గలగలమంటూనే ఉంది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ చప్పుడే వింటూ నిలబడ్డాను.

బయటికొచ్చి బందరు రోడ్డు పట్టుకుని నడిచాను. బస్సెక్కాలని కూడా తోచలేదు. నడుస్తూనే ప్రార్థన చేశాను, అది ప్రార్థన అనాలో దెబ్బలాట అనాలో నాకు తెలియదు, మీరే అనుకోండి. "ప్రభువా, నువ్వు పుట్టడానికి ఊళ్ళో చోటు దొరకలేదని ప్రతి డిసెంబరూ నాటకం వేసి ఏడుస్తాం. మా ఆయన పోవడానికి చోటడుగుతున్నాను. నీకు పశువుల పాకైనా దొరికింది. నాకు అది కూడా లేదు. నువ్వుంటే ఈ రోజే ఇవ్వు. ఇవ్వకపోతే వచ్చే ఆదివారం నేను రాను. ఆమేన్." అంతే, సహోదరులారా. స్తుతి లేదు, కన్నీళ్ళు కూడా లేవు.

పటమట రైతు బజారు దాటాక, "ఏం మణమ్మా, చేపలు తినడం మానేశారా, ఇంకెవరి దగ్గరైనా కొంటన్నారా?" అని కేక వినిపించింది. నాంచారమ్మ. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి నుంచి కాపురానికొచ్చి, ఇక్కడే గంప పెట్టుకుని చేపలమ్మే మనిషి. ఎప్పటి నుంచో ఆమె దగ్గరే కొంటాం. ఆ వేళాకోళానికి నేను అక్కడే చప్టా మీద కూలబడ్డాను. ఆయన సంగతి, గేటు సంగతి, వరండా సంగతి అంతా చెప్పాను.

విని, చేపల మీద గోనెపట్టా కప్పింది. "లే. ఆటో పిలుస్తాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? కృష్ణలంకలో నాకు రెండు గదులున్నాయిగా. ముందు గదిలో ఏద్దాం ఆయన్ని. ఇల్లు చేపల వాసనొస్తది మరి. మీ దేవుడేమన్నా అనుకుంటాడా?"

"మా దేవుడి వెనక మొదట తిరిగినవాళ్ళంతా చేపలు పట్టేవాళ్ళే నాంచారమ్మా."

"అట్టాగా! ఇన్నాళ్ళూ చెప్పవేం? ఆయన పేరు చెప్పే బేరం చేసేదాన్ని."

నాకు నవ్వొచ్చింది. వెంటనే భయం వేసింది. దాచకూడదని, "నీ ఇంట్లోనే పోతాడు నాంచారమ్మా. నక్షత్రం మంచిది కాకపోతే?" అని అడిగాను.

"కాకపోతే మూసేస్తాను. ఆరు నెలలంటే ఆరు నెలలు. నక్షత్రం పట్టింపు నాకూ ఉందమ్మా, లేదని ఎందుకంటాను? మా ఆయన పోయినప్పుడూ మూశాం. గది మూస్తే మళ్ళీ తెరుచుకోవచ్చు. మనిషిని రోడ్డు మీద పెడితే, ఆ తర్వాత ఏం తెరుస్తాం?"

దేవునికే మహిమ! ఆ సాయంత్రానికి మా ఆయన నాలుగు గోడల మధ్య పడుకున్నాడు. కిటికీలోంచి కరకట్ట కనిపించేది, దాని అవతలి నుంచి కృష్ణ గాలి వచ్చేది. ఆయన గోడ వంక చూస్తూ, "సున్నం ఎవరు వేశారో గానీ చేతకానివాడు," అని గొణిగాడు. తలుపు వేసుకుని ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. "ప్రభువా, నన్ను రోడ్డు మీద పెట్టలేదు, నీకు వందనాలు, ఈ ఇంటామె గంప ఎప్పుడూ నిండుగా ఉంచు," అన్నాడు. అది ఆయన చివరి ప్రార్థన. కొద్ది రోజులకు, ఒక ఉదయం, నా చేతిలో నీళ్ళు తాగి కన్ను మూశాడు.

సమాధి కూటానికి సంఘమంతా ఆ సందులోకి వచ్చింది. సంఘ పెద్ద గారూ వచ్చారు. గుమ్మం మధ్యలో నిలబడి, అడిగిన గృహాన్ని అనుగ్రహించిన దేవునికి స్తోత్రమని గొంతెత్తి ప్రార్థించారు. నాంచారమ్మ నా చెవి దగ్గర, "ఏమంటన్నాడమ్మా ఆయన?" అని అడిగింది.

"ఇల్లు దొరికినందుకు దేవుణ్ణి స్తుతిస్తున్నారు."

"స్తుతించమను. దారికి అడ్డం తప్పుకుని స్తుతించమను, పెట్టె బయటికి రావాలి."

నాంచారమ్మ కబురు పెడితే వాళ్ళ పంతులు గారు వచ్చి, పంచాంగం చూసి ధనిష్ఠా నక్షత్రం అన్నారు. ఆరు నెలలు. ఆమె ఆ రోజే ముందు గదికి తాళం వేసింది. ఆ గేటు మళ్ళీ తొక్కాలనిపించక పటమట ఇల్లు నేను వదిలేశాను. వెనక గదిలో ఆమె, నేను, గంప, గ్యాసు పొయ్యి. ముందు గుమ్మం మూసేశాం కాబట్టి వాన పడినా ఇంటి పక్క నుంచే తడుస్తూ లోపలికి రావాలి. ఒక్కరోజు కూడా, నీ మొగుడి వల్ల ఇట్టా అయింది అనలేదు. నక్షత్రాన్ని నమ్మిన మనిషి నష్టం తన నెత్తిన వేసుకుంది. నమ్మనని వేదిక మీద చెప్పిన మనిషి తాళాలు జేబులోనే ఉంచుకున్నాడు. ఆరు నెలలూ ఆ మూసిన తలుపు చూస్తూ దీని గురించే ఆలోచించాను. ఆ సంఘ పెద్ద కోసం ప్రార్థించమని పాస్టరు గారు చెప్పారు. చేస్తున్నాను. ఇంకా పళ్ళు బిగించే చేస్తున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

గడువు తీరాక తలుపు తీసి, కడిగి, సున్నం వేయించాం. ఆ గదిలోకి నన్ను మారమంటుందనుకున్నాను. "నువ్వు నాతోనే ఉండు. అది ఖాళీగా ఉంచుదాం. మీ ఆయన లాంటోళ్ళు ఊళ్ళో ఇంకా ఉండరా?" అంది. ఉన్నారు, సహోదరులారా. ఆసుపత్రి వరండాలోనే ఉన్నారు. సింగ్‌నగర్ నుంచి ఒక ఆటో డ్రైవరు తల్లిని తెచ్చుకున్నాడు. గన్నవరం నుంచి వచ్చి అద్దెకున్న ఒక టైలరు భార్యను తెచ్చుకున్నాడు. మధ్యలో గది మూయాల్సి వస్తే మూస్తాం, గడువయ్యాక తీస్తాం. ఒకే ఒక్క గది. అది మూసి ఉన్నప్పుడు వచ్చినవాళ్ళకు లేదని చెప్పవలసింది నేనే. గడప గడపకూ తిరిగి నేను విన్న మాట ఇప్పుడు నా నోటితో చెప్పాల్సి వస్తోంది. అంతకంటే చేదు నాకు వేరే లేదు. గుణదలలో ఆ టు-లెట్ బోర్డు వానకు వెలిసిపోయి ఇంకా వేలాడుతూనే ఉంది.

అయినా నేను ఆదివారం మానలేదు. ఆ రోజే ఇవ్వమన్నాను, ఆ రోజే ఇచ్చాడు. నేను ఎదురుచూసిన వైపు నుంచి ఇవ్వలేదు, చేపల గంప వైపు నుంచి ఇచ్చాడు. కాబట్టి కష్టంలో ఉన్నవారలారా, ఆయన్ని నమ్మండి, కోపమొస్తే కోపంగానే అడగండి, ఆయన వింటాడు. ఇళ్ళున్నవారలారా, మీకు ఒక్కటే మనవి. ఇల్లు లేనివాళ్ళ కోసం ప్రార్థన చేసేటప్పుడు, కళ్ళు మూసుకునే ముందు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టండి.