మాస్టారి మూడు మిల్లీమీటర్లు

మా ఆసుపత్రిలో అందరం ఆయన్ని మాస్టారు అనే పిలిచేవాళ్లం. ఆయన ఎవరికీ ఏదీ నేర్పింది లేదు. అడిగినా నేర్పే రకం కాదు. తెలిసింది కడుపులో దాచుకుని, "నన్నడిగితే కదా చెప్పడానికి" అనే మనిషి. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండేది. అయినా ఆయనంటే నాకు ఇష్టమే. ఇప్పటికీ ఇష్టమే, అందుకే ఈ కోపం.

పెద్దాసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే గది పక్కన ఉంటుంది మా వర్క్‌షాపు. రెండే గదులు. బయటి గదిలో నేను బూట్లు కుడతాను. లోపలి గదిలో మాస్టారు, ఆయన కంప్యూటరు, దానికి తగిలించిన కోత మెషీను. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి, ప్రమాదాల్లో పాదాలు వంకర పోయినవాళ్లకి, బూటు లోపల వేసుకునే మెత్తటి ఇన్‌సోళ్లు అక్కడ తయారవుతాయి. పాదాన్ని స్కాన్ చేస్తే కంప్యూటర్లో ఫైలవుతుంది. ఆ ఫైలు ప్రకారం మెషీను స్పాంజి దిమ్మని కోస్తుంది. పాదం మధ్య ఆసరాగా ఒక మిట్ట లేస్తుంది చూశారూ, అదే ప్రాణం. అది తగ్గితే వేళ్ల కింద బరువు పడుతుంది. పెరిగితే అదే చర్మాన్ని నొక్కి తినేస్తుంది.

ఆ కంప్యూటర్లో నడిచేది పాతకాలపు విండోస్ ఎక్స్‌పీ. దాని తర్వాత ఎన్ని కొత్తవి వచ్చాయో, వాటిలో ఎన్ని పాతబడ్డాయో నాకు లెక్క తెలియదు. మాస్టారి తెర మీద మాత్రం అదే పచ్చటి కొండ, అదే నీలం ఆకాశం. లేవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. లోపలి ఫ్యాను మొండికేస్తే ఆయన పెన్సిలు దూర్చి ఒక తోపు తోసేవారు.

"లేవమ్మా, లే. ఇవాళ పదిమంది ఉన్నారు."

"కాస్త కాఫీ కూడా పట్టండి మాస్టారూ, లేస్తుంది" అనేదాన్ని నేను బయటి నుంచి.

"నువ్వు పట్టుకొస్తే దానికో చుక్క, నాకో చుక్క" అనేవారు.

ఆసుపత్రిలో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వండనేవారు. పాతదంటే మోజేమీ కాదు. స్కానరుని, మెషీన్ని నడిపే కార్డులు ఆ కంప్యూటరు మాటే వింటాయి. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఆరువందల మంది పాదాలు అందులో ఉన్నాయి. వాళ్లలో ఒకరు ఆయన సొంత అక్క.

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఇరవై ఏళ్ల షుగరు. రెండు పాదాల్లోనూ స్పర్శ లేదు. మేకు దిగినా తెలియదు. ఎడమకాలి వేళ్లు రెండు అప్పటికే తీసేశారు. "ఈ కాలికి ఇంకొక్క పుండు పడితే వేళ్లతో ఆగదు. మోకాలి కింద దాకా తీసెయ్యాల్సిందే" అని పెద్ద డాక్టరు ఆయన ముందే చెప్పాడు. ఆ రోజు నుంచి మాస్టారు అక్క పాదాన్ని కంటికి రెప్పలా కాచుకొచ్చారు. ఆరు నెలలకొకసారి కొత్త జత. ఏడేళ్లలో ఒక్క గీత కూడా పడలేదు. ఆ ఏడేళ్లూ ఆ ముసలి కంప్యూటరు పుణ్యమే అని అక్క అందరికీ చెప్పేది.

కానీ ఆ పుణ్యంలో ఒక మెలిక ఉంది. కోత మెషీను అరిగిపోయి, ఫైల్లో ఉన్నదానికన్నా మిట్టని మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చెక్కి తగ్గించేసేది. బాగుచేసేవాడు లేడు. మాస్టారు ఒక ఉపాయం పట్టారు. ఐదు కావాలంటే ఫైల్లో ఎనిమిది అని పెట్టేవారు. మెషీను మూడు తినేసి ఐదు ఇచ్చేది. అలా ఆరువందల ఫైళ్లలోనూ మూడు ఎక్కువే. ఏటేటా పైకి పంపే కాగితంలో మాత్రం "మెషీను బాగుంది" అని సంతకం పెట్టేవారు. అరిగిందని రాస్తే పాతసామాన్లలో పడేస్తారని భయం. ఈ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అవతలి గదిలో ఉన్న నాకే తెలియదు.

చివరికి కొత్త కంప్యూటరు, కొత్త మెషీను వచ్చాయి. వాటితో ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. పాత ఫైళ్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, మర్యాదగా అడిగాడు.

"మాస్టారూ, పాతదాంట్లో మీరు అలవాటుగా చేసే సర్దుబాట్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే రాసుకుంటాను."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ "అన్నీ ఫైల్లోనే ఉన్నాయి బాబూ" అన్నారు.

ఆ తుడవడం నేను చూశాను. మర్నాడు ఆయన సెలవు పెట్టి, పాత కంప్యూటరుకి హార్డ్‌డిస్కు వెతకడానికి పాత సామాన్ల వీధికి వెళ్లారు. అది అప్పటికే కిర్రుకిర్రుమంటోంది.

సరిగ్గా ఆ రోజే అక్క వచ్చింది. ఆరు నెలలు నిండాయి. తమ్ముడు లేడంటే ఉసూరుమంది. ఇంజనీరు "కూర్చోండమ్మా, అరగంటలో ఇచ్చేస్తా" అన్నాడు. అన్నట్టే ఇచ్చాడు. నున్నగా, చక్కగా, పాతవాటికన్నా అందంగా వచ్చాయి. బూట్లలో అతికించింది నేను. ఆవిడ కాళ్లకి తొడిగింది నేను.

"ఎలా ఉందక్కా?"

"నాకేం తెలుస్తుందే పిచ్చిదానా, నా కాళ్లకి నోరుంటే కదా!" అని నవ్వింది. వెళ్లబోతూ నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడికి చెప్పకే. కొత్తదాని మీద చేయించుకున్నానంటే నొచ్చుకుంటాడు. వాడి చేత ఇంకో జత చేయించుకుంటాలే, నెమ్మదిగా."

నేను చెప్పలేదు. ఈ కథలో నోరు మూసుకున్నది మాస్టారొక్కరే కాదు.

మూడో రోజు ఒక బస్సు డ్రైవరు గుమ్మంలోనే బూటు విప్పి చేత్తో పట్టుకుని కేకలేశాడు. "లోపల రాయి పెట్టి కుట్టారా ఏంటి? బ్రేకు తొక్కితే ప్రాణం పోతోంది!" ఇంజనీరు కంగారుపడి మిట్టని చేత్తో అరగదీసి ఇచ్చాడు. కొత్తగా ఉంటుంది, అలవాటవుతుందన్నాడు. మాస్టారు తన ముసలి కంప్యూటరు ముందు కూర్చుని, మీసాల్లో నవ్వుకున్నారు. ఇంకో ఇద్దరు ముగ్గురు అరిస్తే చాలు, కొత్తది పనికిరాదని తేలిపోతుంది, పాతది నిలుస్తుంది, అదీ ఆయన లెక్క. అరవగలిగేవాళ్ల గురించే ఆలోచించారు. అరవలేని పాదాలు ఆయనకు గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి వాటితోనే బతికిన మనిషికి, ఆ ఒక్క వారం గుర్తు రాలేదు. దీన్ని నేనెలా క్షమించను?

పదకొండో రోజు పొద్దున అక్క కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో సంచి, సంచిలో ఎడమ బూటు.

"మావయ్యా, అమ్మ మేజోడు తడిసిపోయింది. విప్పితే వాసన. అమ్మకి నొప్పే లేదంటోంది."

మాస్టారు బూటు తీసుకుని లోపలికి వేలు పెట్టారు. ఇన్‌సోలు ఊడబీకి కొలిచారు. ఎనిమిది. మళ్లీ కొలిచారు. ఎనిమిదే.

"ఇదెవరు చేశారు?"

"నేనే మాస్టారూ. మీ ఫైలే. అందులో ఎంతుంటే అంతే కోసింది" అన్నాడు ఇంజనీరు.

మాస్టారు నా వైపు చూశారు. "మీరు సెలవు పెట్టిన రోజే అక్క వచ్చింది. మీకు చెప్పొద్దంది" అన్నాను. ఆయన బూటు పక్కన పెట్టారు. కొత్త కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కొక్క ఫైలూ తెరిచి మూడు తీసెయ్యడం మొదలుపెట్టారు. ఎందుకని ఇంజనీరు అడిగితే తల తిప్పకుండా తర్వాతి ఫైలు తెరిచారు. సాయంత్రం దాకా లేవలేదు, మర్నాడూ లేవలేదు. ఈలోగా స్పర్శ లేనివాళ్లు ఎవరెవరు కొత్త జత తీసుకెళ్లారో కనుక్కుని, ఇంటింటికీ తనే వెళ్లి బూట్లు విప్పించి చూశారు. నలుగురు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. అక్కకి తప్ప.

వార్డులో పన్నెండు రోజులు పోరాడారు. మాస్టారు పెద్ద డాక్టరు వెనక వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగారు. "ఇంకో రెండ్రోజులు చూడండి డాక్టరుగారూ, మందు మార్చి చూడండి. మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నారు. అన్నంత పనీ చేశారు. డాక్టరు లేవనెత్తి, "విషం పైకి పాకుతోంది. కాలు చూసుకుంటే మనిషి దక్కదు" అన్నాడు. కాగితం మీద సంతకం మాస్టారే పెట్టారు. ఆ సంతకం ఎవరిదో అన్నట్టు వచ్చింది.

కాలు పోయింది. మనిషి దక్కింది.

దక్కిన మనిషి ఊరుకుందా? మంచం మీద నుంచే వచ్చినవాళ్లకల్లా చెప్పింది. "మా తమ్ముడు ఏడేళ్లు కాపాడిన కాలు ఇది. ఆ కొత్త మెషీను పదిరోజుల్లో మింగేసింది. పాతదే మేలని వాడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు." ఆ మాట నర్సుల నోట, అక్కడి నుంచి ఆఫీసు దాకా పాకింది. సూపరింటెండెంటుగారు మాస్టారిని పిలిపించి, కుర్చీ వేసి, తప్పయిపోయిందన్నారు. పాతదాన్నే నడిపించుకోండి, ఎవరూ అడ్డు రారన్నారు. ఇంజనీరుని ఆ రోజే పంపేశారు. మాస్టారు కోరుకున్నదంతా జరిగింది. ఆ గదిలోంచి ఆయన బయటికి వచ్చినప్పుడు నేను మెట్ల దగ్గర ఉన్నాను. ఆయన మెట్టు మీద కూలబడి, మూడు మిల్లీమీటర్ల సంగతంతా నాకు చెప్పారు. సంతకాలు, కళ్లజోడు తుడుచుకున్న రోజు, డ్రైవరు అరిచినప్పటి నవ్వు, అన్నీ.

"వెళ్లి వాళ్లతో చెప్పండి. ఆ పిల్లాడి ఉద్యోగం పోయింది" అన్నాను.

"చెప్తాను. ముందు అక్కకి చెప్పాలి."

నన్ను రమ్మన్నారు. ఒంటరిగా వెళ్లే ధైర్యం లేక. కుడికాలికి కొత్త జోడు కొలత తీసుకోవాలన్న వంకతో టేపు పట్టుకుని వెళ్లాం. అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. తమ్ముణ్ని చూడగానే మొహం విప్పారింది.

"పాతది మళ్లీ నీకే ఇచ్చేశారటగా! మంచిపని జరిగింది. ఈ కాలన్నా దాని మీద చెయ్యరా."

మాస్టారు మంచం అంచున కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. టేపు విప్పలేదు. తల వంచుకుని, ఆ పాదానికే చెప్తున్నట్టు మొత్తం చెప్పారు. ఎక్కడా తనని తాను వెనకేసుకు రాలేదు.

అయిపోయాక అక్క అడిగింది.

"మెషీను తప్పు లేదన్నమాట."

"లేదక్కా."

"ఆ అబ్బాయి నిన్ను అడిగాడా, ముందే?"

"అడిగాడు."

ఆవిడ తిడితే బాగుండునని నేను అనుకున్నాను. ఆయన రెండు చేతులూ ఇంకా ఆ పాదం చుట్టూనే ఉన్నాయి. ఆ చేతులు తగులుతున్నట్టు ఆవిడకు తెలియదు, స్పర్శ లేదు కదా. కళ్లతో చూసుకుని, ఉన్న ఆ ఒక్క కాలునీ ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, దుప్పటి లోపలికి లాక్కుంది.