పక్క చేలో ఫోటో

రైతే రాజు అని గోడల మీద రాసేవాళ్లు రాసిపోతారు. దుత్తలూరు మెట్టలో కంది వేసే రామనారాయణ ఆ మాటను నమ్మాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన తండ్రి ఊరి తగవులు తీర్చినవాడు. అరుగు మీద జనం చేరడం ఆయనతోనే ఆగిపోయింది. రామనారాయణకు మిగిలింది బోరు లేని ఎర్రచేను, ఇస్త్రీ చొక్కా. చేనికి పోయినా ఇస్త్రీ చొక్కాయే. దానికి భార్య రామసుబ్బమ్మ సణగని రోజు లేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కంది మోకాలెత్తయినా లేవకుండా ఎండింది. పంట నమోదుకు వ్యవసాయ సహాయకురాలు శ్రీవిద్య ఫోను పట్టుకుని వచ్చింది. సర్కారు సాయం ఏది రావాలన్నా రైతు తన చేలో నిలబడి ఫోటో దిగాలి.

"ఈ పుల్లల్లో నిలబడమంటావా పాపా? ఆఫీసులో నలుగురూ చూసేది. మా నాయన పేరేం గాను?" అంటూ రామనారాయణ గట్టు దాటాడు. అవతల గోవిందయ్య కంది, బోరు నీళ్లతో నడుమెత్తు ఉంది. గోవిందయ్య తండ్రి ఒకప్పుడు వీళ్లింట్లో జీతగాడు.

"అది మీ చేను కాదు గదా పెదనాయనా."

"గట్టుకు ఇటైతే ఏంది, అటైతే ఏంది? తియ్యి."

ఎండ మండుతోంది, ఇంకా ఎన్నో చేలు తిరగాలి. ఆ పిల్ల తీసేసింది. ఫోటోలో రామనారాయణ పచ్చటి కంది మధ్య, మీసం దువ్వుకుని, దర్జాగా ఉన్నాడు.

తర్వాత ఎండిన కంపను గొర్రెలకు వదిలేసి చేను దున్నించాడు. ఆపైన మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారు. ఆ పరిహారం వస్తేనే వచ్చే ఏటికి విత్తనం, సేద్యం. రాకపోతే చేను కౌలుకిచ్చి కూర్చోవాలి. ఊళ్లో చాలామందికి వచ్చింది, ఈయనకు రాలేదు. ఉదయగిరి దాకా పోయి అడిగితే అధికారి కంప్యూటరు ఇటు తిప్పాడు.

"ఇంత పంట పెట్టుకుని కరువంటావేంది సామీ?"

"అది నా చేను కాదు సార్."

అధికారి నవ్వలేదు, మేలే చేయబోయాడు. ఫోటోలోది తన చేనని గోవిందయ్య చేత ఒక్క ముక్క రాయించి సంతకం పెట్టించుకు రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే రామనారాయణ గోవిందయ్య ఇంటికి పోయాడు. గోవిందయ్య లేచి కుర్చీ వేశాడు. బోరులో నీళ్లెట్లా ఉన్నాయని రామనారాయణ అడిగాడు. బర్రె ఈనిందా అని అడిగాడు. కాఫీ తాగి లేచి వచ్చేశాడు.

"అడిగినావా?" అంది రామసుబ్బమ్మ.

"రాయిస్తే ఆ పిల్ల ఉద్యోగానికి ముప్పొస్తాది. పాపం గదా."

"ఆ పిల్ల మీద పెట్టబాక. నీకు నోరు రాలా."

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. కానీ రామసుబ్బమ్మ చెప్పిందే అసలు సంగతి. ఆత్మాభిమానం అని దీనికి పెద్ద పేరు పెట్టక్కర్లేదు. నోరు రాలేదు, అంతే.

మరుసటేడు చేను గోవిందయ్యకే కౌలుకు పోయింది. అతను తన బోరు నుంచి పైపు లాగాడు. రామనారాయణ ఏనాడూ చూడనంత ఏపుగా ఆ ఎర్రనేలలో కంది లేచింది. శ్రీవిద్య మళ్లీ ఫోనుతో వచ్చింది. గోవిందయ్య చేలో నిలబడ్డాడు. గట్టు మీద, ఇస్త్రీ చొక్కాలో, రామనారాయణ.

"నువ్వూ రా పెద్దయ్యా, మీ చేనే గదా," అన్నాడు గోవిందయ్య. గొంతు తగ్గించాడు. "నిరుటి సంగతి పాప ఇప్పుడే చెప్పినాది. ఇంటికొచ్చి కూడా అడక్కపోతివే. సంతకం పెట్టకపోతానా నేను?"

రామనారాయణ చొక్కా అంచు సర్దుకున్నాడు.

"పంట నీది. నువ్వే దిగు."

శ్రీవిద్య ఫోను ఎత్తింది. తన నీడ చేలోకి పడుతోందని గమనించి, రామనారాయణ గట్టు మీద ఇంకాస్త వెనక్కి జరిగాడు.