మిస్ ఎర్నెస్టీన్ కోసిన నాలుగు ముక్కలు

డెట్రాయిట్‌లోని ఆ ఆసుపత్రి ల్యాబులో మిస్ ఎర్నెస్టీన్ పెటివేను మించిన పిసినారి లేదు. వాడిన టీ పొట్లాన్ని ఆరేసి మళ్ళీ వాడుతుంది. పుట్టినరోజు కేకు ఆవిడ కోస్తే, ముక్కలోంచి పేపరు చదువుకోవచ్చు.

"నా వాటా పెట్టారా, వాసన చూపించారా?" అనేవాడు కుర్ర డాక్టర్ సోబ్‌చాక్.

"కళ్ళజోడు తుడుచుకో నాయనా."

ఆవిడ ఉద్యోగమూ కొయ్యడమే. రోగి ఒంట్లోంచి తీసిన కండను మైనం దిమ్మెలో బిగించి, వెంట్రుకకన్నా పలచగా కోసి గాజు పలకలకు అంటిస్తుంది. ప్రొస్టేట్ కండ వస్తే మాత్రం, ఎవరూ అడక్కుండానే నాలుగు పలకలు ఎక్కువ చేసేది.

"టీ పొట్లం ఆరేసే మనిషికి గాజు ఊరికే వచ్చిందా?" అన్నాడు సోబ్‌చాక్.

"దిమ్మెను మళ్ళీ యంత్రానికెక్కిస్తే, చదును చేసేసరికే సగం కండ చెత్తబుట్టకి. ఆ దుబారా నాకు పడదు."

ఆ ఎక్కువ పలకలకు మైనం పూసి ఫ్రీజర్లో దాచేది. పారెయ్యమని సోబ్‌చాక్ రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ "సరే" అని కింది అరలోకి మార్చింది.

ఒక ఏడు సిటీ బస్సు డ్రైవరు వెండెల్ గ్రైమ్స్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. హార్మోన్ సూదులు, కీమో అయిపోయాయి. మిగిలింది ఒంటి రోగనిరోధక శక్తికి పడ్డ బ్రేకులు విప్పే మందు. ఈ క్యాన్సర్‌లో అది అందరికీ పనిచెయ్యదు. కణాల్లో తప్పులు దిద్దే ప్రోటీన్లు నాలుగున్నాయి. అవి లోపించినవాళ్ళకైతే ఆశ ఉంది. అలాంటివాళ్ళు నూటికి ముగ్గురు. ముగ్గురేగా అని వెండెల్‌కు ఏ డాక్టరూ ఆ ప్రోటీన్ల పరీక్ష రాసివ్వలేదు. ఆ లెక్క బస్సు డ్రైవర్ల దగ్గరే గుర్తొస్తుంది, ఆసుపత్రి ట్రస్టీల దగ్గర కాదు.

తీరా రాసిచ్చాక, పరీక్షకు కండ లేదు. ఎముకలో గుచ్చితే పనికొచ్చే కణాలు రాలేదు. రోగం మొదట తేలిన ఆరేళ్ళనాటి దిమ్మె, కోతలకే అరిగిపోయింది.

సోబ్‌చాక్ తల వంచుకుని వచ్చాడు. "మిస్ ఎర్నెస్టీన్, ఆ కింది అర..."

"ఎన్ని కావాలి?"

"ప్రోటీనుకొకటి. నాలుగు."

"మరి నేను కోసినవెన్ని?" అంటూ ఫ్రీజర్ తెరిచింది. "ఈ రోగం మా నల్లవాళ్ళకే ఎక్కువ. మావాళ్ళని రెండోసారి ఎవరు పిలిచి అడుగుతారు నాయనా? అందుకే మొదటిసారే కోసి పెడతాను."

పరీక్షిస్తే, నాలుగు ప్రోటీన్లలో రెండు లేవు. ఏదో లేదని తెలిసి సోబ్‌చాక్ సంతోషించడం అదే మొదలు.

మందు పట్టింది. అయిదో నెలలో వెండెల్ తన కాళ్ళమీద నడిచొచ్చి, వాళ్ళావిడ చేసిన కేకు తెచ్చాడు. మిస్ ఎర్నెస్టీన్ కోసింది. సోబ్‌చాక్ తన ముక్క ఎత్తి పట్టుకుంటే, అవతల వెండెల్ నవ్వుతూ కనిపించాడు.

నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి భోజనాల గది ఫ్రిజ్‌లో పెట్టింది ఆవిడ.

"అవెవరికి?"

"ఇంకా తెలీదు."

ఈసారి సోబ్‌చాక్ పారెయ్యమనలేదు. కింది అర ఖాళీ చేసిచ్చాడు.