నల్ల బోర్డు, తెల్ల బోర్డు

బస్సు పటాన్‌చెరు దాటాక, నేను నీళ్ల సీసా మూత తీయబోతుంటే పక్క సీటులో కూర్చున్న ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“జెర ఆగు తాతా.”

సీసా తీసుకుని నెమ్మదిగా తలకిందులు చేసింది. తన నల్ల బ్యాగు ముందు ఒకసారి, నా తెల్ల పంచె ముందు ఒకసారి పట్టుకుని చూసింది.

“పోగున్నది. తాగకు.”

నా కళ్లజోడుకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. సూరత్‌లో వజ్రాలు ఏరేవాళ్లను చూశాను. చీరాలలో తెగిన దారాన్ని చూడకుండా వేలితో పట్టే ముసలాయనను చూశాను. ఇలా నీళ్లను చదివే మనిషిని మాత్రం ఎక్కడా చూడలేదు. అడిగితే చెప్పుకొచ్చింది.

పేరు ప్రేమలత. గుమ్మడిదల దగ్గర ఇంజెక్షన్ల కంపెనీలో పన్నెండేళ్లు మందు సీసాల్లో నలుసులున్నాయేమో చూసే పని చేసింది. ఎదురుగా సగం నల్ల బోర్డు, సగం తెల్ల బోర్డు, పైన లైటు. తెల్ల పోగు నలుపు మీద బయటపడుతుంది, నల్ల నలుసు తెలుపు మీద. అమ్మా నాన్నా నాట్లకు, కోతలకు కూలికి పోయినవాళ్లు. వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని పని చేసింది ఈమె ఒక్కతే. ఆ కుర్చీ గురించి పుట్టిల్లు తలుచుకున్నట్టు చెప్పింది.

చూపు తగ్గాక అద్దాలు పెట్టుకుంటే, మాస్కులోంచి వచ్చే ఊపిరికి మసకబారేవి. అందుకని కంట్లోనే పెట్టుకునే లెన్సులు కొనుక్కుంది. వాటిని కడిగే మందు అయిపోయిన రోజు నల్లా నీళ్లతో కడిగి పెట్టుకుంది.

“సీసాల ఇంత నలుసుంటె పక్కకు పెట్టేదాన్ని. నల్లా నీళ్లను నమ్మిన సూడు.”

ఎడమ కన్ను ఎర్రబడింది. నెలల తరబడి చుక్కలు వేసుకున్నా నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది. మళ్లీ పనిలో కూర్చుంటే ప్రతి సీసా మబ్బు పట్టినట్టే ఉంది. ట్రేలకు ట్రేలు పక్కన పెట్టింది. తప్పు మందులో లేదని తేలాక, అట్టపెట్టెలు మడిచే చోటికి పంపారు. లెన్సులతో సీసాలు చూసే గదిలోకి రావద్దన్న రూలు కూడా అప్పుడే పెట్టారు.

ఏడాదిన్నర తర్వాత ఈ ఉదయమే కంటి ఆసుపత్రిలో ఆ కంటికి గట్టి లెన్సు అమర్చారు. దాంతో మచ్చ ఉన్నా చూపు తేటపడింది. దారి పొడవునా దుకాణాల బోర్డుల మీది ఫోను నంబర్లు కూడా చదువుతూనే ఉంది. ఎల్లుండి కంపెనీలో కంటి పరీక్ష, గెలిస్తే మళ్లీ సీసాల దగ్గర కుర్చీ. లెన్సుతో గెలుస్తుంది. లెన్సు తీస్తే లేదు.

“లెన్సు సంగతి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది బిడ్డా?” అన్నాను. పది ఊళ్లు తిరిగినవాడికి ఇలాంటి సలహాలు తేలిగ్గానే వస్తాయి.

“లెన్సు జరుగుతె చెయ్యి కంటికే పోతది తాతా. గంతలోనే నలుసుతోని దాటిపోయిన సీసా ఎవరి నరంలకు ఎక్కుతదో.” కిటికీ వైపు తిరిగింది. “మల్ల గా కుర్సీల కూసోవాలని మస్తుగున్నది.”

కంపెనీ దగ్గర బస్సు ఆగితే దిగింది. అక్కడ రెండు గేట్లున్నాయి, ఒకటి ఇంజెక్షన్ల బ్లాకుకు, ఒకటి ప్యాకింగుకు. మొదటి గేటు ముందు నిలబడి, పై అంతస్తు అద్దాల వెనక వెలుగుతున్న లైట్లను చాలాసేపు చూసింది. కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం వాదిస్తున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యెత్తాను. ఆ కంటికి ఈ రోజు నేను స్పష్టంగా కనబడేవాడినే.

ఆమె ఇటు తిరగలేదు. ప్యాకింగు గేటులోంచి లోపలికి వెళ్లిపోయింది.